బ్యాక్‌ప్యాక్‌తో యూరప్ – పాఠం 4: రోములో తూకం తిండి

గత పాఠంలో పిజ్జా అల్ తాల్యో కొట్లో, అంటే పిజ్జాను కోసి తూచి అమ్మే కొట్లో, మధ్యాహ్నం భోజనం కానిచ్చేయమన్నాను. చాలామందికి అక్కడే చేయి కాలింది. బోర్డు మీద 1,90 చూసి అది ముక్క ధర అనుకున్నారు. తీరా గల్లా దగ్గర ఎనిమిది యూరోలు అడిగేసరికి మోసం జరిగిందన్నారు. మోసమేమీ లేదు, ఆ 1,90 వంద గ్రాముల ధర. అందుకే ఈసారి చెప్పాల్సిన తెస్తాచ్చో పేటను కుదించి, ముందు తూకం సంగతి తేల్చేద్దాం.

ఇటలీలో ఇలాంటి తిండికి కొలత ఎత్తో, అంటే వంద గ్రాములు. ధర పక్కన ‘ఎత్తో’ అని గానీ, హెచ్, జి అక్షరాలు గానీ ఉంటే అది వంద గ్రాములకు. కె, జి ఉంటే కిలోకు. అంకెల మధ్య కామా ఉంటే మన చుక్క అనుకోండి. ఒక కొట్టువాడు కిలోకు 19,00 అని రాస్తాడు, పక్కవాడు ఎత్తోకు 1,90 అని రాస్తాడు. రెండూ ఒకటే ధర. చవగ్గా ఉందని రెండో కొట్లో దూరకండి.

అసలు చిక్కు కత్తి దగ్గర. అమ్మే మనిషి పళ్ళెంలోని పిజ్జా మీద కత్తి ఆనించి, మీ వైపు చూసి ‘కొజీ?’ అంటాడు, ఇంత చాలా అని. మీరు తల ఊపారంటే కోసేస్తాడు. కోశాక తగ్గించడం ఉండదు. అందుకని కత్తి ఆనకముందే బరువు చెప్పండి: ‘దూయె ఎత్తి’, అంటే 200 గ్రాములు. ఒక మనిషికి మధ్యాహ్నానికి సరిపోతుంది, 1,90 లెక్కన 3,80 అవుతుంది. రెండు రకాలు రుచి చూడాలంటే ఒక్కోటి ‘ఉన్ ఎత్తో’ అడగండి. కత్తి మరీ దూరంగా పెడితే ‘మెనొ’, అంటే తక్కువ, అని, ఎక్కడ కోయాలో వేలితో చూపించండి. ఎవరూ ఏమీ అనుకోరు, అక్కడివాళ్ళూ అలాగే కొంటారు.

పైన ఏం వేశారో చూడండి. బంగాళాదుంప, చీజ్ దట్టంగా ఉంటే 200 గ్రాములకు చిన్న ముక్కే వస్తుంది. నేనైతే పిజ్జా రొస్సాకే ఓటేస్తాను. ఉత్త టమాటా, పల్చటి రొట్టె కాబట్టి అదే బరువుకు పెద్ద ముక్క వస్తుంది, ధరా తక్కువే.

ఈ ఎత్తో రెస్టారెంట్లలో ఇంకా గట్టిగా తగులుతుంది. మెనూలో చేప పక్కన 6,00 అని ఉండి ఎత్తో అని చిన్నక్షరాల్లో ఉంటే, 700 గ్రాముల చేపకు 42 యూరోలు. తూచేది పచ్చి చేపను, తల, ముళ్ళతో సహా. ఫ్లోరెన్స్‌లో బిస్తెక్కా ఆల్లా ఫియొరెంతీనా, అంటే ఎముకతో కాల్చే మందపాటి గొడ్డుమాంసం, ఒక ముక్కే కిలో దాటుతుంది. ఎత్తో 5,50 చొప్పున 1.2 కిలోలకు 66 యూరోలు. వండకముందే తూచి చూపించమనండి, నచ్చకపోతే అప్పుడే వద్దనండి.

శాకాహారులకు: సుప్లీ అనే అన్నం ఉండలో మామూలుగా మాంసం ఉంటుంది. గుమ్మడి పూల పిజ్జాలో ఆలీచి, అంటే చిన్న చేపలు, కలుస్తాయి. పెకొరీనో రొమానో చీజ్ గొర్రెపిల్ల కడుపులోని రెన్నెట్‌తో, అంటే పాలు విరిచే పదార్థంతో, చేస్తారు కాబట్టి ఆ చీజ్, మిరియాలు వేసే కాచో ఎ పెపె పాస్తా కూడా కుదరదు. పిజ్జా రొస్సా మీకూ పనికొస్తుంది.

తినే వేళ చూడవలసినవాటిని బట్టి పెట్టుకోండి. రోము చర్చిలు చాలావరకు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు. పాంథియన్ అనే పురాతన గుడి దగ్గర్లో ఉన్న సాన్ లుయీజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో చిత్రకారుడు కరవాజ్జో వేసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడున్నాయి, డబ్బులక్కర్లేదు. పొద్దున్నే అవి చూసేసి, తలుపులు మూసే వేళకు పిజ్జా కొనుక్కోండి. భుజాలు, మోకాళ్ళు కప్పుకొని వెళ్ళండి. పొట్లం పట్టుకొని స్పానిష్ మెట్ల మీద మాత్రం కూర్చోవద్దు, 2019 నుంచి నిషేధం, జరిమానా వేస్తారు. నీళ్ళు కొనకండి. వీధుల్లో నజోనీ అనే ఇనప కొళాయిలుంటాయి. కింది మూతిని వేలితో మూస్తే పై చిల్లులోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, తాగడానికి వీలుగా.

తెస్తాచ్చో: మెట్రో బి లైన్‌లో పిరమిదె దగ్గర దిగండి. మార్కెట్టు ఆదివారం ఉండదు, మధ్యాహ్నం దాటాక సర్దేస్తారు. ఇక్కడ పాత కబేళా ఉండేది, అందుకే పేగులు, తోకల వంటలకు పేరు. బోటి కూర తినేవాళ్ళు త్రిప్పా ఆల్లా రొమానా తప్పక అడగండి, టమాటా, పుదీనా జాతి ఆకు, పెకొరీనోతో వండుతారు. పక్కనున్న గుట్ట అంతా పురాతన రోమన్ల నూనె జాడీల పెంకులే.

అభ్యాసం: బయల్దేరే లోపు ఇంట్లో వంటింటి కాటా పెట్టుకొని దిబ్బరొట్టె కోయండి. కోసే ముందు బరువు అంచనా వేసి రాసుకోండి, తర్వాత తూచండి. వరసగా ఐదు ముక్కలకు తేడా 20 గ్రాములు దాటకూడదు. దాటితే మళ్ళీ మొదటినుంచి. ఇటాలియన్‌లో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చూడకుండా చెప్పగలిగాకే ఐదో పాఠం తెరవండి.