ఫ్లికర్‌లో ఇంటి ఫోటోలు: ఎవరికి ఏవి కనిపించాలో ముందుగా తేల్చుకోవడం ఎలా

పెళ్లో, ఓణీల వేడుకో, బారసాలో ముగిసిన మర్నాటి నుంచి బంధువుల వాట్సాప్ గ్రూపులలో ఫోటోలు వందల కొద్దీ వచ్చి పడతాయి. అప్పటికప్పుడు చూసి మురిసిపోవడానికి అది చాలు కాని, పదికాలాల పాటు దాచుకోవడానికి చాలదు. మామూలుగా పంపిన ఫోటోను వాట్సాప్ కుదించి పంపుతుంది, తీసిన తేదీ, కెమెరా వివరాలు అందులో మిగలవు, ఆ తరువాత వచ్చే శుభోదయ సందేశాల కింద అది ఎక్కడ ఉందో వెతకడం కూడా కష్టమవుతుంది. కెమెరా తీసిన ఫైలును ఉన్నది ఉన్నట్టుగా ఉంచి, తేదీల వారీగా అమర్చి, ఇంటివారికి వేరుగా, స్నేహితులకు వేరుగా, లోకానికి వేరుగా చూపగల చోటు కావాలనుకునేవారికి ఫ్లికర్ అనే ఫోటోల సైటు ఇప్పటికీ మంచి ఎంపికే. కెనడాలోని వాంకూవర్‌లో స్టువర్ట్ బటర్‌ఫీల్డ్, కాటరీనా ఫేక్ నడిపిన లూడికార్ప్ అనే చిన్న సంస్థ 2004లో దీనిని ప్రారంభించింది. 2005లో యాహూ కొనుగోలు చేసింది, 2018 నుంచి స్మగ్‌మగ్ అనే మరో ఫోటోల సంస్థ చేతిలో ఉంది. ఇన్ని చేతులు మారినా ఫ్రెండ్స్, ఫ్యామిలీ అనే రెండు వర్గాల అమరిక మాత్రం మారలేదు. ఇంటి ఫోటోలకు ఈ సైటును వాడుకోవడమంటే ప్రధానంగా ఆ అమరికను అర్థం చేసుకోవడమే.

ఖాతా తెరిచే ముందే ఖర్చు సంగతి తేల్చుకోవాలి. ఉచిత ఖాతాలో ఫోటోలు, వీడియోలు కలిపి 1000 వరకు పెట్టుకోవచ్చునని చాలామందికి తెలుసు. అందులో అందరికీ కనిపించనివి 50 మించి ఉండకూడదన్న నిబంధన 2022లో వచ్చిందన్నది తెలిసినవారు తక్కువ. అంటే కుటుంబానికి మాత్రమే చూపాలనుకునేవారికి ఉచిత ఖాతాలో దక్కేది 1000 కాదు, 50. ఒక అన్నప్రాశనకే అవి అయిపోతాయి. వీడియో విషయంలోనూ ఉచిత ఖాతాకు 3 నిమిషాలు, డబ్బు కట్టి తీసుకునే ప్రో ఖాతాకు 10 నిమిషాలు హద్దు. నలుగురు తోబుట్టువులు కలిసి సొమ్ము వేసుకుని ఒకరి పేరున ప్రో ఖాతా తీసుకోవడం ఒక దారి, ప్రతి వేడుక నుంచి మూడో నాలుగో మేలైన ఫోటోలను మాత్రమే ఎంచి పెట్టడం మరొక దారి. 50 నిండిపోయాయి కదా అని పిల్లల ఫోటోలను పబ్లిక్‌గా మార్చడం మాత్రం ఏ లెక్కన చూసినా తగని పని.

ఖాతా తెరిచిన వెంటనే ఫోటోలు ఎక్కించే తొందరలో పడకుండా సెట్టింగులలో ప్రైవసీ అండ్ పర్మిషన్స్ అనే విభాగానికి వెళ్లండి. సైటుకు తెలుగు రూపం లేదు కాబట్టి మెనూలన్నీ ఇంగ్లీషులోనే చదువుకోవాలి, అయితే ఫోటో పేర్లు, వివరణలు, ట్యాగులు తెలుగు లిపిలో నిక్షేపంగా రాసుకోవచ్చు. ఆ విభాగంలో కొత్తగా ఎక్కించే ఫోటోలు ఎవరికి కనిపించాలి అన్న పంక్తి ఉంటుంది. మీరు ముట్టుకోనంతవరకు అక్కడ ‘అందరికీ’ అనే ఎంపికే ఉంటుంది కనుక, దానిని ‘నాకు మాత్రమే’ అని మార్చి భద్రపరచండి. మొదట మూసి ఉంచి ఒక్కొక్కటిగా తెరవడం సులువు. అందరూ చూసేసిన తరువాత మూసినందువల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. అదే పేజీలో మీ అసలు ఫైళ్లను ఎవరు పొందవచ్చో, ఎవరు వ్యాఖ్య రాయవచ్చో, ఫోటోలలో మీ గుర్తింపును ఎవరు చేర్చవచ్చో నిర్ణయించే పంక్తులు కూడా ఉంటాయి. వాటిని ఒకసారి చూసి మీ వీలును బట్టి సరిచేసుకుంటే ఆపైన మళ్లీ అటు వెళ్లే పని పడదు.

ఇక మనుషుల సంగతి. మీ ఫోటోలను చూడవలసిన బంధువు ఫ్లికర్‌లో ఖాతా తెరిచి ఉంటే, మీరు ఆ ఖాతాను అనుసరించి, ఆ వ్యక్తితో మీ బంధాన్ని సవరించే చోట ఫ్రెండ్, ఫ్యామిలీ అనే గడులలో తగినదానికి గుర్తు పెట్టాలి. చాలామంది తడబడేది ఇక్కడే. మీ తమ్ముడు తన ఖాతాలో మిమ్మల్ని ఫ్యామిలీగా గుర్తిస్తే అతని ఫోటోలు మీకు కనిపిస్తాయి తప్ప, మీవి అతనికి కనిపించవు. మీవి కనిపించాలంటే మీ ఖాతాలో మీరే అతనిని గుర్తించాలి. ‘నేను ఫాలో అయ్యాను గానీ ఏమీ కనబడటం లేదు’ అని ఎవరైనా ఫోన్ చేస్తే ముందుగా చూడవలసినది ఈ గడినే.

ఫ్యామిలీ అన్న వర్గం ఒకటే ఉంటుంది. పుట్టింటివారికి ఒకటి, అత్తింటివారికి ఒకటి అని విడదీసే వీలు లేదు. మన కుటుంబాల విస్తృతికి ఇది ఇరుకైన ఏర్పాటే. అందువల్ల ఆ పేర్లను అక్షరాలా పట్టుకోకుండా, ఇంట్లో రోజూ మసలేవారిని ఫ్యామిలీగా, మేనత్తల పిల్లలు మొదలుకొని వియ్యాలవారి వరకు మిగిలిన బంధువులనూ ఆప్తమిత్రులనూ ఫ్రెండ్స్‌గా గుర్తించుకోవడం మేలు. ఎవరికి ఏ గుర్తు పెట్టారన్నది మీ అనుకూలం కోసమే కనుక, బాబాయిని ఫ్రెండ్స్‌లో వేసినందుకు నొచ్చుకోవలసిన పనేమీ లేదు.

ఫోటోలు ఎక్కించేటప్పుడు అప్‌లోడ్ పేజీలోకి ఫైళ్లను లాగి వదిలితే అవి వరుసగా పరుచుకుంటాయి. వాటిలో కొన్నింటిని ఒకేసారి ఎంచుకుని పక్కనున్న పట్టీలో వివరణ, ట్యాగులు, ఆల్బమ్, చూసే హక్కు అన్నీ ఆ ఫోటోలన్నింటికీ కలిపి నింపవచ్చు. కెమెరా పెట్టిన అంకెల పేరును అలాగే వదిలేయకుండా ‘తలంబ్రాలు’, ‘అప్పగింతలు’, ‘నిద్ర లేపిన వేళ పెళ్లికొడుకు’ అని రాస్తే, పదేళ్ల తరువాత వెతికినా దొరుకుతుంది. గుంపుగా నిలబడిన ఫోటోకు వివరణ రాసేటప్పుడు ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. మీకు పెద్దమ్మ అయినవారు చూసేవారిలో ఒకరికి అమ్మ, మరొకరికి వదిన, ఇంకొకరికి నాయనమ్మ అవుతారు కాబట్టి వరుసలు మాత్రమే రాస్తే రెండో తరానికి ఆ ఫోటోలో ఎవరున్నారో తెలియకుండా పోతుంది. ఆ పేర్లను వివరణలో రాయడం కుటుంబానికి మాత్రమే కనిపించే ఫోటోలకే పరిమితం కావాలి, ఎందుకంటే పబ్లిక్ ఫోటో కింద రాసిన పూర్తి పేరు శోధనలో ఎవరికైనా దొరుకుతుంది.

ఆల్బమ్‌ల విషయంలో ఒక ముఖ్యమైన అంశాన్ని గమనించాలి. ఫ్లికర్‌లో ఆల్బమ్‌కంటూ ప్రత్యేకంగా గోప్యత ఉండదు, గోప్యత ఒక్కొక్క ఫోటోకే ఉంటుంది. 80 ఫోటోలున్న పెళ్లి ఆల్బమ్‌లో 20 పబ్లిక్‌గా, 40 ఫ్యామిలీకి, 20 మీకు మాత్రమే అని ఉంటే, దారిన పోయేవారికి అది 20 ఫోటోల ఆల్బమ్‌గా, మీ అక్కకు 60 ఫోటోల ఆల్బమ్‌గా కనిపిస్తుంది. ఈ సంగతి తెలియనివారు ‘ఇంటివారికి మాత్రమే’ అని ఆల్బమ్‌కు పేరు పెట్టి ఊరుకుంటారు, పేరు ఏ తలుపునూ మూయదు. ఇప్పటికే ఎక్కించిన ఫోటోలను సరిదిద్దాలంటే ఆర్గనైజ్ అనే పేజీ తెరిచి, కావలసినవాటిని మధ్యలోని పలకలోకి లాగి, పర్మిషన్స్ మెనూలో ఒకేసారి మార్చవచ్చు. మార్చిన తరువాత బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, లాగిన్ కాకుండా మీ పేజీని చూడండి. అక్కడ కనిపించినదంతా లోకానికి కనిపిస్తున్నట్టే.

ఖాతా తెరవమంటే విసుక్కునే పెద్దవారు ప్రతి ఇంటా ఉంటారు. వారికోసం గెస్ట్ పాస్ ఉన్నది. బయటివారికి కనిపించని ఫోటోకో ఆల్బమ్‌కో షేర్ మీట నొక్కితే వచ్చే లింకును పంపితే, ఖాతా లేకపోయినా దానిని నొక్కి చూడవచ్చు. గుంటూరులోని అమ్మమ్మ ఫోన్‌కు ఒక లింకు, డాలస్‌లోని పెద్దనాన్న కొడుకుకు మరొక లింకు విడిగా పంపడం కొంత శ్రమే అనిపిస్తుంది. అయితే ఆ లింకు ఎవరి చేతిలో పడితే వారు చూడగలరు, ఎవరూ పాస్‌వర్డ్ అడగరు. అందువల్ల లింకును వందమంది ఉన్న గ్రూపులో పడేయకుండా మనిషికి మనిషిగా పంపాలి, వేడుక ముచ్చట తీరాక గెస్ట్ పాస్‌ల చరిత్ర పేజీలోకి వెళ్లి పాతవాటిని రద్దు చేయాలి. అలా పంచిన ఆల్బమ్‌లో తరువాత కొత్త ఫోటోలు చేర్చాలనుకుంటే, లింకు ఎవరెవరి వద్ద ఉందో ముందు గుర్తు చేసుకోవాలి.

ఫోటోలో కంటికి కనిపించేదే కాక, ఫైలులో దాగి ఉన్న సమాచారం కూడా ప్రయాణిస్తుంది. ఫోన్‌లో లొకేషన్ తెరిచి ఉంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలులో నమోదవుతుంది, ఫ్లికర్ దానిని చదివి మ్యాప్‌పై గుర్తు పెట్టగలదు. సెట్టింగులలో స్థల వివరాలను చేర్చుకోవద్దని చెప్పవచ్చు, లేదా జియోఫెన్స్ అనే ఏర్పాటుతో మీ ఇల్లు, పిల్లల బడి చుట్టూ ఒక పరిధి గీసి, ఆ పరిధిలో తీసినవాటి స్థలం మీరు ఎంచుకున్నవారికే కనిపించేట్టు చేయవచ్చు. దీనికి తోడు ఫోటోలోనే ఉన్న అక్షరాలను చూసుకోవాలి. శుభలేఖను అందంగా ఉందని పబ్లిక్‌గా పెడతారు. అందులో ఇరువైపుల ఇంటిపేర్లు, చిరునామా, ఆహ్వానించేవారి ఫోన్ నంబర్లు, ముహూర్తం వేళ కూడా ఉంటాయి, అంటే ఏ రోజు ఏ గంటకు ఆ ఇంట్లో ఎవరూ ఉండరో ఊరంతటికీ చెప్పినట్టే. యూనిఫాంపై ఉన్న బడి బ్యాడ్జీ, కారు నంబరు పలక కూడా ఈ కోవలోనివే.

లైసెన్స్ అనే గడిలో మొదటి నుంచీ అన్ని హక్కులూ మీవే అని ఉంటుంది, ఇంటి ఫోటోలకు దానిని కదపనవసరం లేదు. 2014లో యాహూ ఫ్లికర్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఇతరులు కొన్ని షరతులతో వాడుకోవచ్చునని ముందుగానే ఇచ్చే అనుమతి) ఉన్న దాదాపు 10 కోట్ల ఫోటోలు, వీడియోల సమాహారాన్ని పరిశోధకులకు విడుదల చేసింది. 2019లో ఐబీఎం ముఖాల గుర్తింపు పరిశోధనకోసం దాని నుంచి దాదాపు 10 లక్షల ముఖచిత్రాలను తీసుకున్నదని తెలిసినప్పుడు, ఆ ఫోటోలు తీసినవారిలో కొందరు తమను ఎవరూ అడగలేదని చెప్పారు. మనుషులు లేని గుడి గోపురం, సంత, తాటితోపు వంటి ఫోటోల విషయం వేరు. వాటికి మీ పేరు చెప్పి వాడుకోవచ్చుననే బై లైసెన్స్, లేదా మార్చినదానిని కూడా అదే షరతుతో పంచాలనే బై ఎస్ఏ లైసెన్స్ ఇస్తే, వికీపీడియా వాడే ఫోటోల నిలయమైన వికీమీడియా కామన్స్ ద్వారా తెలుగు వికీపీడియా వ్యాసాలలోకి చేరగలవు, వాణిజ్యేతర షరతు పెడితే చేరలేవు. మీ ఊరి గురించిన వ్యాసానికి మంచి ఫోటో లేదని బాధపడేవారు చేయగల పని ఇది. అయితే ఒకసారి అలా ఇచ్చినదానిని అప్పటికే తీసుకున్నవారి నుంచి వెనక్కి తీసుకోలేరు.

నలుగురూ తమతమ ఫోన్లలో తీసినవి ఒకచోట చేరాలంటే ప్రైవేట్ గ్రూపు తెరిచి అందరినీ ఆహ్వానించవచ్చు. గ్రూపులో చేర్చిన ఫోటోను అందులోనివారికి చూపినట్టే లెక్క కాబట్టి, సభ్యుల జాబితాను అప్పుడప్పుడు తిరగేయడం మంచిది.

చివరిగా, ఫ్లికర్‌ను పంచుకునే చోటుగా చూడండి, ఏకైక భాండాగారంగా చూడవద్దు. ఆర్కుట్ అనే సామాజిక మాధ్యమం 2014 సెప్టెంబరులో మూతపడింది, పికాసా అనే ఫోటోల సేవను గూగుల్ 2016లో ఆపేసింది. ఆర్కుట్‌లోనే ఫోటోలు వదిలేసి వేరే ప్రతి ఉంచుకోనివారికి చివరికి ఏమీ మిగల్లేదు. ఫ్లికర్‌లో తొలగించిన ఫోటోకు చెత్తబుట్ట ఉండదు, పోయినది పోయినట్టే. ప్రో గడువు తీరిపోతే ఉచిత పరిమితిని మించినవి తొలగింపుకు గురికావచ్చు. అందుకని ఏడాదికొకసారి, సంక్రాంతి సెలవులలోనైనా, ఖాతా సెట్టింగులలో మీ సమాచారాన్ని కోరే మీట నొక్కి, సిద్ధమైన జిప్ ఫైళ్లను దించుకుని, ఒక హార్డ్ డిస్కులో ఉంచండి. దాని రెండో ప్రతిని వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుల ఇంట్లో పెట్టించండి. ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇంట్లో మరొకరికైనా తెలిసి ఉండాలి, ఆ ఈమెయిల్ కూడా ఉద్యోగం మారితే పోయే ఆఫీసుది కాకుండా సొంతదై ఉండాలి.