ఘాతాంక పద్ధతుల సామర్థ్యాన్ని లెక్కగట్టడం ఎలా?

విజయనగరంలో మా ల్యాబుకు ఆర్‌ఎస్‌ఏ (పెద్ద సంఖ్యల ఘాతాలతో సందేశాలను రహస్యంగా మార్చే పద్ధతి) ప్రాజెక్టుతో వచ్చే ప్రతి విద్యార్థికీ నేను మొదట చెప్పేది ఒక్కటే: టైమర్ ముట్టుకోకముందు కాగితం మీద గుణకారాలు లెక్కపెట్టండి. కంప్యూటరు మారితే సెకన్లు మారతాయి, గుణకారాల సంఖ్య మారదు.

చిన్న ఘాతాంకంతో మొదలుపెట్టండి: ఒక సంఖ్యకు 13వ ఘాతం కావాలనుకోండి. 13ను బైనరీలో 1101 అని రాసి, మొదటి బిట్ తరువాత ఎడమ నుంచి కుడికి ఒక్కో బిట్ దగ్గర వర్గం చేస్తూ, బిట్ 1 అయిన చోట ఆధార సంఖ్యతో మరోసారి గుణిస్తూ పోతే ఘాతాంకం 1, 3, 6, 13గా పెరుగుతుంది. 12 గుణకారాల పని 3 వర్గాలతో, 2 గుణకారాలతో తీరిపోతుంది. ప్రతి మెట్టులోనూ మాడ్యులస్‌తో (కీలో భాగమైన స్థిర భాజకంతో) భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. పబ్లిక్ కీలో (అందరికీ తెలిసే కీలో) ఘాతాంకంగా 65537 అంతగా వాడుకలో ఉండడానికి ఒక కారణం ఈ లెక్కలోనే కనిపిస్తుంది: దాని బైనరీలో రెండే 1లు ఉన్నాయి కనుక 16 వర్గాలు, ఒక్క గుణకారం చాలు.

ప్రైవేట్ కీ (యజమాని రహస్యంగా ఉంచుకునేది) దగ్గర అంత సులువు కాదు. 2048 బిట్ల ఘాతాంకానికి 2047 వర్గాలు, సగటున 1023 గుణకారాలు కలిపి సుమారు 3070 అవుతాయి. బిట్లను నాలుగేసి చొప్పున విడగొట్టి, చిన్న ఘాతాలను ముందే పట్టికలో వేసుకుంటే మొత్తం 2537కు దిగుతుంది. ఆరేసి అయితే 2444. ఏడేసి చేస్తే మాత్రం పట్టిక తయారీకే 126 గుణకారాలు పట్టి మొత్తం మళ్లీ 2460కి పెరుగుతుంది. ఈ మలుపు ఎక్కడ వస్తుందో మీ కీ పొడవుకు మీరే వేసి చూడాలి. విశ్లేషణకు ప్రాణం అదే.

ఆ తరువాతే టైమర్. పైథాన్‌లో మీరు రాసిన లూపును అందులోని అంతర్నిర్మిత ఘాత ఫంక్షన్‌తో పోల్చకండి. అది సీ భాషలో రాసినది. రెండు పద్ధతులనూ ఒకే భాషలో, అవే సంఖ్యలతో, ఒకే యంత్రంపై పలుమార్లు నడిపి మధ్యస్థ విలువ తీసుకోండి.

ఘాతాంకం రహస్యమైనప్పుడు వేగం ఒక్కటే కొలమానం కాదు. పట్టే సమయాన్ని బట్టే కీని రాబట్టవచ్చని గూఢలిపి నిపుణుడు పాల్ కోచర్ 1996లో చూపించారు. కాబట్టి ఆరు బిట్లూ సున్నాలైన చోట కూడా 1తో గుణించాలి. దీనివల్ల 2444 కాస్తా 2449 అవుతుంది, అంతే. అయితే కావలసిన విలువ ఒక్కటే అయినా పట్టిక మొత్తాన్ని ప్రతిసారీ చదవాలి, లేకపోతే క్యాష్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న, వేగవంతమైన మెమరీ) ద్వారా రహస్యం బయటపడుతుంది. ఆ చదువుడు ఖర్చు గుణకారాల లెక్కలోకి రాదు గనుక టైమర్‌తో కొలిచి నివేదికలో విడిగా చూపించండి.