ఫొటో ఎడిటింగ్ క్లాసు ఎక్కడ ఆగుతోంది? ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పెద్దలకు నేర్పేవారికి సమస్య - పరిష్కారం

ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చే పెద్దలకు ఫొటో ఎడిటింగ్ చాలా మంచి పాఠం. ఒకరికి బ్యాంకు పరీక్ష దరఖాస్తుకు ఫొటో కావాలి. ఇంకొకరికి అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లడానికి వీసా ఫొటో కావాలి. కొట్టు నడిపేవారికి వాట్సాప్‌లో పెట్టుకునే సరుకు ఫొటోలు కావాలి. పని తమదే కాబట్టి, ఆ పనిలో తగిలిన ఇంగ్లిష్ మాట మర్చిపోరు.

క్లాసు మధ్యలో ఎవరైనా ఆగిపోతే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. ఆగింది భాష దగ్గరా, బ్రౌజర్ దగ్గరా, ఫైలు దగ్గరా? చూడ్డానికి మూడూ ఒకేలా ఉంటాయి, మనిషి తెర వైపు చూస్తూ కూర్చుండిపోతాడు. కారణం కనుక్కోకుండా మౌస్ మనం అందుకుని పని చేసి పెడితే ఆ రోజుకి ఫొటో తయారవుతుంది తప్ప పాఠం జరగదు.

కింద చెప్పినవి ఎక్కువగా ఫొటోపీ అనే ఫొటో ఎడిటింగ్ టూల్ గురించి. అది బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అడగదు, ఫొటోను ఎక్కడికీ పంపకుండా మన కంప్యూటర్‌లోనే పని చేస్తుంది. పోస్టర్లకు కాన్వా, సైజు తగ్గించడానికి స్క్వూష్ తోడుంటే చాలు. మొదటి నెల ఇంతకుమించి వద్దు.

"క్రాప్ నొక్కండి" అంటే కదలరు, చూపిస్తే వెంటనే చేస్తారు

ఇది భాష సమస్య. చాలాసార్లు కారణం నేర్పేవారి నోట్లోనే ఉంటుంది. ఒకే పనికి ఒకసారి క్లిక్ అని, ఒకసారి ప్రెస్ అని, ఇంకోసారి హిట్ అని, సెలెక్ట్ అని అంటుంటాం. వినేవారికి అవి నాలుగు వేర్వేరు పనులు. క్లాసు మొత్తానికి ఐదు క్రియలు ఖాయం చేసుకోండి: మౌస్‌కి క్లిక్, కీబోర్డుకి ప్రెస్, నొక్కి పట్టుకోవడానికి హోల్డ్, లాగడానికి డ్రాగ్, వదలడానికి రిలీజ్. ఒక్కో వాక్యంలో ఒక్క పనే చెప్పండి. "క్లిక్ ద క్రాప్ టూల్" అన్నాక ఆగండి, అందరూ చేశాక "డ్రాగ్ ద కార్నర్" అనండి.

రెండో కారణం నిఘంటువు. క్రాప్ అంటే పంట అని, ఎక్స్‌పోర్ట్ అంటే ఎగుమతి అని ఫోన్‌లో వెతుక్కుని మరింత తికమక పడతారు. అర్థం చెప్పే ముందు పని చేసి చూపండి: ఫొటో అంచు తెగింది, దాన్ని క్రాప్ అంటారు. టూల్ బొమ్మ, ఇంగ్లిష్ అక్షరాల్లో దాని పేరు ఉన్న కార్డు చేతికివ్వండి. వాళ్లు దాని పక్కన తెలుగులో ఉచ్చారణ రాసుకుంటే రాసుకోనివ్వండి. మెనూలు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంచాలి. వివరణ తెలుగులో, ఆజ్ఞ ఇంగ్లిష్‌లో అన్నదే ఈ క్లాసుకు సరైన పద్ధతి.

ఒకరి తెర మీద మాటలు మిగతావారికంటే వేరుగా, వింత తెలుగులో కనబడితే అది క్రోమ్ చేసిన అనువాదం. అడ్రస్ బార్ కుడిపక్క అనువాదం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి ఇంగ్లిష్ ఎంచుకుని, ఆ సైట్‌ను ఇక అనువదించవద్దని పెట్టేయండి. అనువాదం నడుస్తుండగా కొన్ని ఆన్‌లైన్ టూల్స్‌లో బటన్లు కూడా సరిగా పని చేయవు.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి "అర్థమైందా?" అని అడగొద్దు. పెద్దవాళ్లు మొహమాటానికి తలూపుతారు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు మౌస్ పట్టుకుంటారు, రెండోవారు కార్డు చూసి ఇంగ్లిష్‌లో చెబుతారు, తెర మీద వేలు పెట్టకూడదు. ఎక్కడ మాట తడబడుతుందో అక్కడే మీ తర్వాతి పాఠం ఉంది.

"ఉన్నట్టుండి మొత్తం పోయిందండీ"

బ్రౌజర్‌లో నడిచే టూల్ కాబట్టి కొన్ని కీలను ముందు బ్రౌజరే అందుకుంటుంది. కంట్రోల్+డబ్ల్యూ నొక్కితే ట్యాబ్ మూసుకుంటుంది. డెస్క్‌టాప్ ఫొటోషాప్‌లో సైజు మార్చడానికి వాడే కంట్రోల్+టీ ఇక్కడ కొత్త ట్యాబ్ తెరుస్తుంది. అందుకే ఫొటోపీలో దానికి ఆల్ట్+కంట్రోల్+టీ ఇచ్చారు. యూట్యూబ్‌లో ఫొటోషాప్ వీడియో చూసి వచ్చినవారికి ఇది తప్పకుండా ఎదురవుతుంది.

ట్యాబ్ మూసే ముందు "లీవ్ సైట్?" అని ఒక పెట్టె వస్తుంది, చేసిన మార్పులు సేవ్ కాకపోవచ్చు అని కింద రాసి ఉంటుంది. చదవకుండా లీవ్ నొక్కేస్తారు. ఈ పెట్టెను బోర్డు మీద రాసి ఒక పూట పాఠంగా చెప్పండి. "మే నాట్ బి సేవ్డ్" అంటే ఏమిటి, లీవ్ నొక్కితే ఏమవుతుంది, క్యాన్సిల్ నొక్కితే ఏమవుతుంది. క్యాన్సిల్ అంటే పని రద్దయిపోతుందని భయపడతారు. ఇక్కడ రద్దయ్యేది బయటికి వెళ్లడం మాత్రమే, ఫొటో అలాగే ఉంటుంది.

చేసిన పని తప్పయితే కుడివైపు హిస్టరీ ప్యానెల్‌లో పై అడుగు మీద క్లిక్ చేయమనండి. షార్ట్‌కట్లకన్నా అది తేలిక, ఎన్ని అడుగులు వెనక్కి వెళ్లారో కంటికి కనబడుతుంది.

"సేవ్ చేశాను, ఫొటో ఎక్కడా లేదు"

ఫొటోపీలో సేవ్ అంటే పీఎస్‌డీ ఫైలు. అది మళ్లీ ఎడిట్ చేసుకోవడానికి పనికొస్తుంది, దరఖాస్తులో అప్‌లోడ్ కాదు. ఫొటోగా కావాలంటే ఫైల్ > ఎక్స్‌పోర్ట్ యాజ్ > జేపీజీ. కాన్వాలో ఇదే పనికి షేర్, ఆ తర్వాత డౌన్‌లోడ్. ఒకే ఫలితానికి ఒక్కో టూల్‌లో ఒక్కో పేరు ఉండొచ్చని ముందే చెప్పేస్తే సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

ఫైలు వెళ్లేది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి. క్రోమ్‌లో కంట్రోల్+జే నొక్కితే జాబితా వస్తుంది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే పేరు మార్చడం అలవాటు చేయండి, లేకపోతే ఒకే పేరు పక్కన అంకెలతో నాలుగు ఫైళ్లు చేరి ఏది సరైనదో తెలియకుండా పోతుంది.

దరఖాస్తు ఫొటోను తిప్పికొడుతోంది

క్లాసులో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల నోటిఫికేషన్‌లో ఫొటోకు 200×230 పిక్సెళ్లు, ఫైలు 20 నుంచి 50 కేబీ అని, సంతకానికి 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ అని ఇస్తూ వచ్చారు. దరఖాస్తు చేసే రోజు ఆ నోటిఫికేషన్‌నే తెరిచి చదివించండి, అంకెలు అందులోంచే తీసుకోవాలి.

ముందు భాష. "షుడ్ నాట్ ఎక్సీడ్", "నాట్ లెస్ దాన్", "బిట్వీన్", "అప్ టు", ఈ నాలుగు ముక్కలు అర్థం కాకపోతే ఎడిటింగ్ ఎంత వచ్చినా ఫొటో వెనక్కే వస్తుంది. తర్వాత అంకెలు. ఫోన్ ఫొటో 2.4 ఎంబీ అని చూపిస్తుంది, దరఖాస్తు 50 కేబీ అడుగుతుంది. 50 కంటే 2.4 చిన్నదే కదా అనుకుంటారు. ఒక ఎంబీ అంటే సుమారు వెయ్యి కేబీలని, అంటే తమ ఫొటో దాదాపు 2,400 కేబీ అని రాసి చూపాలి. మూడోది, పిక్సెళ్లు వేరు, కేబీ వేరు. పిక్సెళ్లు బొమ్మ పొడవు వెడల్పులు, కేబీ ఫైలు బరువు. రెంటినీ విడివిడిగా సరిచేయాలి.

వరస ఇది. క్రాప్ టూల్ తీసుకుని, పైన ఉన్న పట్టీలో ఫిక్స్‌డ్ రేషియో ఎంచుకుని 20, 23 అని ఇవ్వండి. తల, భుజాలు వచ్చేలా చట్రం జరిపి ఎంటర్ నొక్కండి. ఎంటర్ నొక్కకపోతే క్రాప్ అవదు. తర్వాత ఇమేజ్ > ఇమేజ్ సైజ్‌లో వెడల్పు 200 ఇవ్వండి. గొలుసు గుర్తు బిగించి ఉంటే ఎత్తు దానంతటదే 230కి వస్తుంది. రాకపోతే ముందు చేసిన క్రాప్ తప్పు. గొలుసు విప్పి 230 కొట్టేస్తే ముఖం సాగిపోతుంది, అలా చేయనివ్వకండి. చివరికి ఎక్స్‌పోర్ట్ పెట్టెలో క్వాలిటీ స్లైడర్ జరుపుతూ అక్కడే కనబడే ఫైలు సైజు చూసుకోవాలి.

ఇక్కడే చాలామంది ఊహించని చిక్కు వస్తుంది. ఫొటో పెద్దదై కాదు, 20 కేబీ కంటే చిన్నదై వెనక్కి వస్తుంది. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉన్న చిన్న బొమ్మను జేపీజీ బాగా కుదించేస్తుంది. క్వాలిటీని 100 వరకు పెంచండి. అప్పటికీ చాలకపోతే, ఆ పిక్సెళ్ల కొలత తప్పనిసరి కాదని నోటిఫికేషన్‌లో ఉంటేనే, అదే నిష్పత్తిలో 300×345 చేసి చూడండి. ఇందుకోసం పెద్ద ఒరిజినల్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, 200కి తగ్గించిన దాన్ని పెంచకూడదు.

సంతకం ఫొటో బూడిద రంగులో వస్తే కారణం కాగితం మీద పడ్డ నీడ. ఇమేజ్ > అడ్జస్ట్‌మెంట్స్ > లెవెల్స్ తెరిచి కుడి చివర ఉన్న తెల్ల స్లైడర్‌ను, కాగితం తెల్లబడేదాకా ఎడమకు లాగండి. సంతకం అంతా క్యాపిటల్ అక్షరాల్లో ఉంటే ఐబీపీఎస్ ఒప్పుకోదు, దాన్ని ఏ ఎడిటింగూ సరిచేయలేదు.

అమెరికా వీసా ఫొటో లెక్క వేరు: చతురస్రం, కనీసం 600×600, గరిష్ఠం 1200×1200 పిక్సెళ్లు, 240 కేబీ మించని జేపీజీ. తల ఎత్తు బొమ్మ ఎత్తులో 50 నుంచి 69 శాతం ఉండాలి, కళ్లజోడు ఉండకూడదు. ఇందులో క్రాప్, సైజు మార్పు వరకే ఆగండి. ముఖం నున్నగా చేయడం, రంగు తెల్లబరచడం, ఏఐతో మెరుగులు దిద్దడం వద్దు. బ్యాక్‌గ్రౌండ్ బాగా లేకపోతే తెల్లగోడ ముందు ఇంకో ఫొటో తీయండి.

ఫొటో మసకగా ఉంది

అసలు ఫైలు ఎలా వచ్చిందో అడగండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. ముందే చిన్నదైన ఫొటోను ఇమేజ్ సైజ్‌లో పెంచితే లేని వివరం పుట్టుకురాదు. ప్రింటుకు లెక్క చెప్పండి: అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 4×6 అంగుళాల ఫొటోకు 1200×1800 కావాలి.

ఐఫోన్ ఫొటో తెరుచుకోకపోతే అది హెచ్‌ఈఐసీ ఫైలు కావచ్చు. సెట్టింగ్స్ > కెమెరా > ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే ఇకపై తీసేవి జేపీజీగా వస్తాయి. పాతవి మారవు.

బ్రష్ గీస్తుంటే గీత పడదు

మూడు చూడండి. లేయర్స్ (బొమ్మలో ఒకదాని మీద ఒకటి ఉండే పొరలు) ప్యానెల్‌లో వేరే లేయర్ ఎంచుకుని ఉందా? దాని మీద తాళం గుర్తు ఉందా? ఎక్కడో ఒక చిన్న సెలెక్షన్ (ముందు ఎంచుకున్న భాగం) మిగిలి ఉందా? చివరిదే ఎక్కువ. సెలెక్షన్ ఉన్నంతసేపు దాని లోపలే రంగు పడుతుంది. కంట్రోల్+డీ నొక్కితే పోతుంది. ఈ మూడింటినీ "విచ్ లేయర్? ఈజ్ ఇట్ లాక్డ్? ఈజ్ దేర్ ఎ సెలెక్షన్?" అని ప్రశ్నలుగా నేర్పండి. పక్కవారి తెర మీద సమస్య వచ్చినప్పుడు ఒకరినొకరు అడుక్కుంటారు, ఇంగ్లిష్ ప్రశ్న వేయడం అలా అలవాటవుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ తీసేసినా మళ్లీ వచ్చింది

తెల్లగానో నల్లగానో వచ్చి ఉంటుంది. జేపీజీలో పారదర్శకత ఉండదు. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. కాన్వాలో బ్యాక్‌గ్రౌండ్ తీసే బటన్ దగ్గర కిరీటం గుర్తు ఉంటే అది డబ్బు కట్టినవారికి. "ఫ్రీ ట్రయల్" అన్న మాటకు అర్థం అక్కడే చెప్పండి: గడువు తర్వాత కార్డు నుంచి డబ్బు పోతుంది. ప్రకటనల్లో పెద్ద పచ్చ బటన్ మీద డౌన్‌లోడ్ అని ఉన్నా నొక్కకూడదని కూడా ఇక్కడే చెప్పాలి.

తెలుగు అక్షరాలు డబ్బాలుగా, ఒత్తులు విడిపోయి వస్తున్నాయి

డబ్బాలు వస్తే ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేదు. గూగుల్ ఫాంట్స్ నుంచి మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటివి దించుకుని, ఫొటోపీ ఫాంట్ జాబితాలో లోడ్ ఫాంట్ ద్వారా ఎక్కించండి. ఒత్తులు, గుణింతాలు పక్కకి జరిగితే ఆ ఒక్క పని కాన్వాలో చేసుకోవడం మేలు. అర్థంలేని గుర్తులు వస్తే ఆ రాత "అను" అనే పాత తరహా ఫాంట్‌లలో టైపు చేసింది. దాన్ని ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్ పద్ధతిలోకి మార్చాలి, లేదా జీబోర్డ్ (ఫోన్‌లోని గూగుల్ కీబోర్డు)లో తెలుగు పెట్టుకుని మళ్లీ టైపు చేయాలి.

లాగిన్ దగ్గరే గంట గడిచిపోతోంది

జీమెయిల్ పిల్లలు తెరిచి ఇచ్చినదై ఉంటుంది, పాస్‌వర్డ్ తెలియదు, ఓటీపీ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి వెళుతుంది. అందుకే మొదటి పాఠాలు లాగిన్ అడగని టూల్‌తో మొదలుపెట్టాలి. కాన్వా మొదలుపెట్టే ముందు వారమే పాస్‌వర్డ్ కనుక్కుని రమ్మనండి. అందరూ వాడే కంప్యూటర్ అయితే క్లాసు ముగిసేటప్పుడు కాన్వా నుంచి లాగ్అవుట్ చేయించండి, డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫొటోలు, సంతకాలు తమ ఫోన్‌కి పంపుకున్నాక తొలగించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి.