కారు టాప్ అద్దం పగిలిందా? ఊడ్చే ముందు ఫొటోలు తీయండి

గుంటూరు నుంచి బెజవాడ వస్తున్నాం. కాజ టోల్‌గేట్ దాటాక ముందు ఒక కంకర టిప్పర్, పైన పట్టా సగమే కప్పి ఉంది. ఉన్నట్టుండి నెత్తి మీద ‘ఠప్’మని శబ్దం. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ చప్పుడు ఉండదు కదా, బాంబు పేలినట్టే అనిపించింది. పైకి చూస్తే పానోరమిక్ అద్దం ముక్కలు ముక్కలై పైకి ఉబ్బి ఉంది. కింద గుడ్డ తెర మూసి ఉండబట్టి వెనక సీట్లో ఉన్న మా అత్తగారి మీద ఏమీ పడలేదు.

అసలు తప్పు ఆ తర్వాత నేనే చేశాను. పక్కన ఆపి, టీ బంకులో చీపురు అడిగి తెచ్చి, వీలైనంత ఊడ్చేశాను. రాయి ఎక్కడ తగిలిందో చూపించే ముక్కలు కూడా ఆ చెత్తలోనే పోయాయి. ఆ తర్వాత మూడు వారాలు షోరూం వాళ్లు ‘రాయి దెబ్బ, ఇన్సూరెన్స్‌కి వెళ్లండి’ అంటే, అవతలి వాళ్లు ‘రాయి తగిలిన గుర్తేదీ’ అన్నారు. ఆ తిప్పలు మీకు రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు మీది ఏ రకం అద్దం?

ఏ సమస్యకైనా జవాబు దీని మీదే ఆధారపడి ఉంటుంది. టెంపర్డ్ అద్దాన్ని బాగా కాల్చి, గాలితో గబగబా చల్లార్చి గట్టిపరుస్తారు. దెబ్బలకు బాగానే ఓర్చుకుంటుంది. కానీ పైపొర దాటి గాటు లోపలికి దిగిందంటే అద్దమంతా ఒక్కసారే శనగబద్దలంత ముక్కలైపోతుంది. లామినేటెడ్ అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. మీ డ్రైవర్ ముందున్న అద్దం ఈ రకమే. పగిలితే బీటలు వారుతుంది కానీ ముక్కలు ఆ పొరకే అతుక్కుని ఉంటాయి.

అద్దం మూలలో చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది. టెంపర్డో లామినేటెడో చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది. ముద్ర చెరిగిపోతే ఇంకో ఉపాయం ఉంది. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని, ఎండలో, ఏటవాలుగా అద్దాన్ని చూడండి. టెంపర్డ్ అయితే మసక మచ్చలు వరసగా కనిపిస్తాయి. ముందు డిక్కీ అద్దం మీద ప్రయత్నించి కళ్లకు అలవాటు చేసుకోండి.

ఇంకో తేడా కూడా చూసుకోవాలి. విండ్సర్, బీఈ 6 లాంటి కార్లలో ఉన్నది తెరుచుకోని గాజు కప్పు, జిగురుతో బాడీకి అతికించేసి ఉంటుంది. క్రెటా ఎలక్ట్రిక్, జెడ్‌ఎస్ ఈవీ లాంటి వాటిలో ముందు పలక తెరుచుకుంటుంది. తెరుచుకునే పలక మామూలుగా స్క్రూలతో బిగించి ఉంటుంది కాబట్టి మార్చడం కాస్త తేలిక.

అద్దం మొత్తం ముక్కలైంది

ఇది టెంపర్డ్. అతికించడం, రెజిన్ (బీటలో నింపితే గట్టిపడే ద్రవం) పోయడం ఏదీ కుదరదు, మార్చాల్సిందే. ‘ఆటోనగర్‌లో మావాడు అతికిస్తాడు’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆటోనగర్‌లో దొరకని పని ఉండదంటారు గానీ, ఇది మాత్రం ఆ లెక్కలోకి రాదు.

వెంటనే చేయాల్సింది ఇది. హజార్డ్ లైట్లు వేసి, మెల్లగా ఎడమ పక్కకి వచ్చి ఆపండి. సన్‌రూఫ్ స్విచ్ ముట్టుకోవద్దు, తెర స్విచ్ అసలే వద్దు. తెర మూసి ఉంటే ఆ గుడ్డే ముక్కల్ని ఆపుతోంది. దాన్ని వెనక్కి లాగితే గాజంతా సీట్లలోకి రాలుతుంది, మిగిలింది తెర చుట్టుకునే రోలర్‌లోకి పోయి దాన్నీ పాడు చేస్తుంది. పిల్లల్ని దించి, చెప్పులు వేసుకున్నారో లేదో చూసి, ఏసీ బ్లోయర్ ఆపేయండి.

ఇక ఫొటోలు. పైనుంచి, పక్కనుంచి, దగ్గరగా తీయండి. బీటలన్నీ ఏ చోటు నుంచి మొదలై పరుచుకున్నాయో వెతికి, అక్కడ నాణెం పెట్టి తీయండి. రాయి తగిలితే ఆ చోట గాజు పిండిలా నలిగి, గుంటలా ఉంటుంది. డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ క్లిప్ వెంటనే ఫోన్లోకి దించుకోండి, లేకపోతే కొత్త రికార్డింగ్ దాని మీద పడిపోతుంది. రాయి తగిలి ఉండొచ్చని అనుమానమున్న చోట పది పదిహేను ముక్కలు కవర్లో కట్టి పెట్టండి.

తర్వాత పైన మందపాటి పట్టా వేసి, తలుపుల లోపలి నుంచి తాడు కట్టండి. పెయింట్ మీద ప్యాకింగ్ టేపు అంటిస్తే, ఎండకు కాగాక తీసేటప్పుడు గోలగోలవుతుంది. పెయింటర్లు వాడే కాగితపు టేపు నయం. ఇల్లు దగ్గరైతే కిటికీలు మూసుకుని 40 దాటకుండా వెళ్లండి. వేగం పెరిగేకొద్దీ కారు పైనున్న గాలి ముక్కల్ని పైకి లాగి, వెనక వచ్చే బండివాళ్ల మీదికి విసురుతుంది. దూరమైతే టోయింగే మేలు. ఎలక్ట్రిక్ కారుని ఫ్లాట్‌బెడ్ (కారు మొత్తాన్ని పైకెక్కించే బండి) మీదే తీసుకెళ్లాలి, తాడు కట్టి లాగించొద్దు.

శుభ్రం చేసేటప్పుడు చేతికి తోలు గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి. చీపురు కాదు, వ్యాక్యూమ్ వాడండి. సీట్‌బెల్ట్ దూరే సందు, పిల్లల సీటు మడతలు, సీటు పట్టాల సందులు మర్చిపోవద్దు. మా ఇంట్లో నెల తర్వాత కూడా వెనక బెల్ట్ నుంచి ఒక ముక్క రాలింది.

ఏ దెబ్బా లేదు, పార్కింగ్‌లోనే పగిలింది

దీనికి మూడు కారణాలుంటాయి.

మొదటిది వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. బెజవాడ మే నెల ఎండలో నిలబెట్టిన నల్లటి గాజు కప్పు మీద చెయ్యి పెట్టలేం. అయినా ఒట్టి ఎండకు అద్దం పగలదు. అంచున ఎప్పుడో పడ్డ చిన్న గాటు ఉండి, కాగిన అద్దం మీద ఒక్కసారిగా బోరు నీళ్లు కొడితే మాత్రం ఆ గాటు సాగుతుంది. మధ్యాహ్నం రెండింటికి కారు కడిగించే అలవాటుంటే మానేయండి, పొద్దున్నే కడగండి. లోపలివైపు నల్ల ఫిల్మ్ అంటిస్తే అద్దం ఇంకా ఎక్కువ వేడిని పట్టి ఉంచుకుంటుంది, కాబట్టి కంపెనీని అడక్కుండా అంటించొద్దు.

రెండోది బిగింపు. ఎప్పుడైనా అద్దం తీసి మళ్లీ వేసి ఉంటే, ఒక మూల ఎక్కువ బిగిస్తే, ఆ ఒత్తిడి నెలల తర్వాత బయటపడొచ్చు.

మూడోది గాజు తయారీలోనే లోపలికి చేరిన నికెల్ సల్ఫైడ్ రేణువు. అరుదే, కానీ ఉంది. అది కాలక్రమంలో కొద్దిగా ఉబ్బి, టెంపర్డ్ అద్దాన్ని లోపలి నుంచి పగలగొడుతుంది. దాని గుర్తు ఏమిటంటే, మొదలైన చోట నలిగిన గుంట ఉండదు, సీతాకోకచిలుక రెక్కల్లా రెండు పెద్ద ముక్కలు ఆనుకుని ఉంటాయి. మీ ఫొటోలో అది కనిపిస్తే రాయి దెబ్బ అనే వాదన నిలబడదు, వారంటీ కింద గట్టిగా అడగొచ్చు. వాళ్లు రాతపూర్వకంగా కాదంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి.

దెబ్బ లేదనుకునే ముందు పైకి కూడా ఒకసారి చూడండి. కొబ్బరి చెట్టు ఉందా, పక్కన అపార్ట్‌మెంటు కడుతున్నారా? కొబ్బరికాయ పడి దొర్లిపోతే అక్కడ గుర్తేమీ మిగలదు. వాచ్‌మన్‌ని అడగండి, సీసీ కెమెరా చూడండి.

సన్నటి బీట, లేదా చిన్న పెచ్చు

బీట ఉండి కూడా అద్దం నిలబడి ఉందంటే అది లామినేటెడ్. పై పలకలో చిన్న పెచ్చు లేచి, అంచుకు దూరంగా ఉంటే విండ్‌షీల్డ్‌కి చేసినట్టే రెజిన్ నింపించొచ్చు. ఆలోగా దుమ్ము, నీళ్లు దిగకుండా పైన పారదర్శక టేపు అంటించండి. అంచును తాకిన బీటకి, చెయ్యంత పొడవున్న బీటకి రెజిన్ దండగ. అది ఎండకీ గతుకులకీ పెరుగుతూనే ఉంటుంది. టెంపర్డ్ అద్దం మీద పెచ్చు లేస్తే రెజిన్ మాట ఎత్తొద్దు. తెర మూసి ఉంచి, తొందరగా చూపించుకోండి.

అద్దం బాగానే ఉంది, కానీ నీళ్లు కారుతున్నాయి

వాన పడ్డ మర్నాడు కాళ్ల కింద కార్పెట్ తడి, సీలింగ్ గుడ్డ మీద టీ మరకలాంటిది, బ్రేక్ వేయగానే లైటు దగ్గర నుంచి నీళ్లు. చాలామంది వెంటనే బీడింగ్ (అద్దం చుట్టూ ఉండే రబ్బరు అంచు) మార్పిస్తారు, డబ్బులు పోతాయి, నీళ్లు ఆగవు. తెరుచుకునే సన్‌రూఫ్‌లో బీడింగ్ దాటి కొంత నీరు లోపలికి రావడం మామూలే. అది చుట్టూ ఉన్న కాలువలో పడి, మూలల్లోని సన్నటి ట్యూబుల ద్వారా పిల్లర్ల (కారు కప్పుని మోసే స్తంభాల) లోపలి నుంచి కారు కిందికి పోతుంది. ఆ ట్యూబు మూసుకుపోతేనే నీళ్లు కారులోకొస్తాయి. వేప పూత, తురాయి రేకులు, రోడ్డు దుమ్ము కలిసి అక్కడ ముద్దవుతాయి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్ నగర్ వైపు నీళ్లలో నిలిచిన కారైతే కింది చివర బురద గట్టిపడి ఉందేమో కూడా చూడాలి.

పరీక్ష సులువు. అద్దం తెరిచి, ముందు మూలలో చిన్న గ్లాసుడు నీళ్లు మెల్లగా పోయండి. కాసేపట్లో ముందు చక్రం దగ్గర నేల తడవాలి. తడవకపోతే గడ్డి కోసే మిషన్లో వాడే నైలాన్ తీగని, మొన తగలకుండా కొస కాల్చి గుండ్రం చేసి, మెల్లగా దింపండి. ఇనుప తీగ వద్దు, ట్యూబు చిరుగుతుంది. పంక్చర్ షాపు గాలి గొట్టం అసలు వద్దు. ఆ ఒత్తిడికి లోపల ట్యూబు జాయింటు ఊడితే పిల్లర్ కవర్లన్నీ విప్పాలి. ఆ కవర్ల వెనక, సీలింగ్ అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి కాబట్టి ఆ పని సర్వీస్ వాళ్లే చేయాలి.

తెరుచుకోని గాజు కప్పు నుంచి నీళ్లు వస్తే అనుమానించాల్సింది జిగురునే. అది మన చేతి పని కాదు.

తడి కార్పెట్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. బ్యాటరీ ప్యాక్ కారు అడుగున గట్టిగా సీల్ చేసి ఉంటుంది, దానికి ఈ కాసిని నీళ్లతో భయం లేదు. కార్పెట్ కింద ఉండే 12 వోల్టుల వైర్ల కనెక్టర్లకే ముప్పు. అవి పచ్చబారితే ఎప్పుడో ఏదో ఒక వార్నింగ్ లైటు వెలుగుతుంది, కారణం ఎవరికీ దొరకదు. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక ఏదైనా ఉంటే చార్జింగ్ పెట్టకుండా సర్వీస్‌కి ఫోన్ చేయండి. నారింజ రంగు హై వోల్టేజ్ కేబుళ్లు ఎక్కడ కనబడ్డా చెయ్యి పెట్టొద్దు.

ఈల, కిర్రు, సగంలో ఆగిపోవడం

ఈ మూడూ చిన్నవే. ఈల వేస్తుంటే అద్దం బాడీకి సమానంగా లేదన్నమాట, ఎత్తు సరిచేయించండి. కిర్రుమంటే బీడింగ్ తుడిచి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, కిరోసిన్, పెట్రోలు తగలనివ్వొద్దు. సగంలో ఆగి వెనక్కి వెళ్లిపోతుంటే ముందుగా అద్దం జరిగే పట్టాల్లో గాజు నలుసులు, ఇసుక వెతకండి. ఏమీ లేకపోతే, 12 వోల్టుల బ్యాటరీ తీసి పెట్టాక మోటారు తన కొలతలు మర్చిపోయి ఉండొచ్చు. దాన్ని రీసెట్ చేసే పద్ధతి కారు మాన్యువల్‌లో ఉంటుంది.

ఇన్సూరెన్స్

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే రూపాయి రాదు. ఓన్ డ్యామేజ్ (మన కారుకే జరిగే నష్టానికి కవర్) ఉండాలి. రాయి, కొబ్బరికాయ, తుఫాను, వడగళ్లు, ఎవరో కావాలని కొట్టడం, అన్నీ దాని కిందికి వస్తాయి. సన్‌రూఫ్ మోటారు పాడవడం, ట్యూబు మూసుకుపోవడం రావు. మామూలు పాలసీలో కూడా గాజుకి డిప్రిసియేషన్ కోత (పాతబడిందని తగ్గించడం) లేదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం 50 శాతం కోస్తారు కాబట్టి, ఆ కోత లేకుండా చేసే జీరో డెప్ కవర్ లేకపోతే బీడింగ్ ఖర్చులో సగం మీదే. జిగురు లాంటివి కన్స్యూమబుల్స్ కవర్ ఉంటేనే వస్తాయి.

జరిగిన రోజే క్లెయిమ్ తెలియజేయండి. ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదాకా కారు విప్పనివ్వొద్దు. ఎవరో రాయి విసిరారంటే స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. అది మొదటి ఏడాదికి 20 శాతం నుంచి పెరుగుతూ 50 దాకా ఉంటుంది. అందుకే రెజిన్ పనికి క్లెయిమ్ చేయడం నాకైతే తెలివితక్కువ అనిపిస్తుంది. పెద్ద అద్దం మార్చాల్సి వస్తే మాత్రం వెనకాడొద్దు. ముందు కొటేషన్ కాగితం మీద తీసుకుని, బోనస్ ఎంత పోతుందో పక్కన వేసి చూడండి.

కొత్త అద్దం వేశాక

అద్దం మీ మోడల్‌కే చేసిందా, మూలలో ముద్ర పాతదానితో సరిపోతోందా అని మీరే చూడండి. అతికించే రకమైతే, ఆ జిగురు గాలిలోని తేమ పీల్చుకుంటూ గట్టిపడుతుంది. ఎన్ని గంటలకు నడపొచ్చో అడిగి, ఆ జవాబు జాబ్‌కార్డ్ మీద రాయించుకోండి. మొదటి రోజు ఒక కిటికీ వేలెడు తెరిచి ఉంచి, తలుపులు దభాలున వేయకండి. రెండు రోజులు ప్రెషర్ వాటర్ వాష్ వద్దు.

తెరుచుకునే రకమైతే, కారు తీసుకునేటప్పుడే ఒక పాత కరెంటు బిల్లు బీడింగ్ మీద పెట్టి అద్దం మూసి, లాగి చూడండి. చుట్టూ ఒకేలా బిగువుగా రావాలి. తర్వాత అక్కడే పైపుతో నీళ్లు పోయించండి, మొహమాటపడొద్దు. రెండు రోజులాగి హైవే మీద 60లో ఒకసారి నడపండి. ఈల వినిపించిందా, ఇంటికి కాదు, తిన్నగా సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.