ఇంట్లో చేసిన రెసిస్టివిటీ మీటర్ తప్పు అంకెలు చూపిస్తుంటే

బోరు వేసే ముందు నేలలో నాలుగు మేకులు దిగగొట్టి పాయింట్ చూడటం మన పల్లెల్లో చాలామందికి తెలిసిన పనే. బయటి రెండు మేకుల గుండా కరెంటు పంపుతారు, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. మేకులన్నీ సమాన దూరంలో ఉంటే దాన్ని వెన్నర్ అమరిక అంటారు. దూరాన్ని మీటర్లలో తీసుకుని 2 × 3.14 తో హెచ్చవేసి, దాన్ని వోల్టేజీతో హెచ్చించి కరెంటుతో భాగిస్తే నేల నిరోధకత (రెసిస్టివిటీ) ఓమ్-మీటర్లలో వస్తుంది. దీన్ని కొలిచే పరికరమే రెసిస్టివిటీ మీటర్.

ఇదే ప్రయోగాన్ని ప్లాస్టిక్ టబ్బులో ఇసుక, నీళ్ళు, గ్రానైట్ ముక్కలతో చేసి చూపించవచ్చు. కావలసిందల్లా ఒక ఆర్డుయినో (కోడ్ రాసి నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు), వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్పున్న ఏడీఎస్1115 బోర్డు, 12 వోల్టుల బ్యాటరీ, మల్టీమీటర్, నాలుగు స్టీలు ఊచలు. ఫ్రాన్స్ పరిశోధకులు ఓమ్‌పై పేరుతో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఇలాంటి పరికరమే చేసి, దాని డిజైన్‌ను 2020లో అందరికీ తెరిచి పెట్టారు. అందులోనూ వాడింది ఏడీఎస్1115 చిప్పే.

ఏ తప్పు కనిపించినా ముందు టబ్బు పక్కన పెట్టండి. 1 కిలో ఓమ్, 10 ఓమ్, 1 కిలో ఓమ్ రెసిస్టర్లను వరుసగా సాల్డర్ చేసి, రెండు చివర్లకూ కరెంటు తీగలు, మధ్య 10 ఓమ్ రెసిస్టర్‌కు ఇరువైపులా వోల్టేజీ తీగలు తగిలించండి. 12 వోల్టులకు సుమారు 6 మిల్లీఆంపియర్లు, 60 మిల్లీవోల్టులు రావాలి. ఇక్కడే తప్పు వస్తే లోపం సర్క్యూట్‌లో ఉన్నట్టు. ఇక్కడ సరిగ్గా ఉండి టబ్బులో తప్పితే నీళ్ళనో ఊచలనో అనుమానించాలి. ఈ పరీక్ష చేయకుండా నేను రెండు రోజులు కోడ్ తిరగరాశాను. చివరికి చూస్తే క్రొకడైల్ క్లిప్పు తుప్పు పట్టి ఉంది.

ఎప్పుడు చూసినా 32767 వస్తోంది, లేదా చిప్పు వేడెక్కుతోంది

32767 అంటే చిప్పు చూపగల గరిష్ఠ అంకె. కరెంటు పంపే బ్యాటరీ మైనస్‌నూ ఆర్డుయినో గ్రౌండ్‌నూ కలిపేసి ఉంటారు. బొమ్మ గీసేటప్పుడు గ్రౌండ్‌లన్నీ కలపడం మనకు అలవాటు. అలా కలిపితే మధ్య ఊచలు గ్రౌండ్ కంటే దాదాపు 6 వోల్టుల ఎత్తులో కూర్చుంటాయి. 5 వోల్టులతో నడిచే ఏడీఎస్1115 కాళ్ళకు 5.3 వోల్టులు దాటకూడదు. రెండు ఊచల మధ్య తేడా 60 మిల్లీవోల్టులే అయినా చిప్పు ఆ ఎత్తును భరించలేదు.

కరెంటు వైపు బ్యాటరీని ఆర్డుయినో వైపు నుంచి పూర్తిగా విడదీయండి. కొలిచే వైపు 5 వోల్టుల సరఫరాకు అడ్డంగా రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు వరుసగా పెట్టి, వాటి మధ్య బిందువును ఒక వోల్టేజీ ఊచకు కలపండి. అప్పుడు రెండు వోల్టేజీ ఊచలూ 2.5 వోల్టుల చుట్టూనే ఉంటాయి, చిప్పు వాటి మధ్య తేడాను కొలుస్తుంది. కరెంటును అదే చిప్పుతో కొలవాలని చూడకండి. మల్టీమీటర్‌ను వరుసలో పెట్టి అంకె రాసుకుంటే చాలు.

అంకె మెట్లు మెట్లుగా దూకుతోంది

గెయిన్ సెట్టింగ్ చూడండి, అంటే చిప్పు ఎంత వోల్టేజీ వరకు కొలవాలో చెప్పే సెట్టింగ్. ఈ చిప్పుకు ఎక్కువమంది వాడే కోడ్ లైబ్రరీ మొదట్లో 6.144 వోల్టుల రేంజిలో ఉంటుంది. అందులో ఒక మెట్టు 0.1875 మిల్లీవోల్టులు, అంటే 1 మిల్లీవోల్టుకు అయిదు మెట్లే. 0.256 వోల్టుల రేంజికి మారిస్తే మెట్టు 0.0078 మిల్లీవోల్టులకు దిగుతుంది.

టబ్బు నీళ్ళలో నిరోధకత ఉండాల్సిన దానికంటే ఎక్కువ వస్తోంది

ఉండాల్సింది ఎంతో ముందు తెలియాలి. ఈసీ మీటర్ (నీటి విద్యుత్ వాహకతను కొలిచేది) నీళ్ళలో సెంటీమీటరుకు 500 మైక్రోసీమెన్స్ చూపిస్తే 10000 ను 500 తో భాగించండి, 20 ఓమ్-మీటర్లు వస్తుంది. మీ మీటర్ 30 చూపిస్తోందా? అయితే చాలాసార్లు పరికరం తప్పేమీ ఉండదు.

వెన్నర్ సూత్రం అంతులేని నేల కోసం రాసింది. టబ్బు అడుగు ప్లాస్టిక్, కరెంటును కిందికి పోనివ్వదు. నీటి లోతు ఊచల మధ్య దూరానికి సమానంగా ఉంటే అడుగు ఒక్కటే ఫలితాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు చేస్తుంది. లోతు మూడు రెట్లు ఉంటే ఆ తప్పు సుమారు 3 శాతానికి తగ్గుతుంది. గోడల ప్రభావం దీనికి అదనం. అందుకే ఊచల దూరం 5 సెంటీమీటర్లయితే కనీసం 15 సెంటీమీటర్ల నీళ్ళు పోయండి, టబ్బు వెడల్పుగా ఉండేలా చూసుకోండి. ఊచలు 2-3 మిల్లీమీటర్లకు మించి మునగకూడదు, ఎందుకంటే సూత్రం వాటిని చుక్కలుగా లెక్కిస్తుంది.

పెద్ద టబ్బు దొరకకపోతే ఇంకో దారి ఉంది. ఈసీ తెలిసిన నీళ్ళలో ఒకసారి కొలిచి, ఆ టబ్బుకు, ఆ లోతుకు, ఆ ఊచల అమరికకు సొంత గుణకం కట్టేయండి. నాకైతే సూత్రం కంటే ఇదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది.

కరెంటు ఆపినా వోల్టేజీ ఉంది, పైగా మెల్లగా జరుగుతోంది

లోహం నీటిని తాకిందంటే అదొక చిన్న బ్యాటరీ. ఒక ఊచ స్టీలు, ఇంకొకటి ఇనుము అయితే పదుల, ఒక్కోసారి వందల మిల్లీవోల్టులు ఊరికే పుడతాయి. నాలుగూ ఒకే ముక్క నుంచి కోసినవై ఉండాలి. కరెంటు పంపిన ఊచను వెంటనే వోల్టేజీకి వాడకండి, దాని మీద పేరుకున్న విద్యుదావేశం పోవడానికి సమయం పడుతుంది.

మిగిలిన దాన్ని లెక్కతో తీసేయవచ్చు. ఆరు కాళ్ళ స్విచ్‌తో కరెంటు దిశ తిప్పుతూ ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు, సమాన వ్యవధిలో మూడు రీడింగులు తీసుకోండి. మొదటిదీ మూడోదీ కూడి, అందులోంచి రెండోదాన్ని రెండుసార్లు తీసేసి, 4 తో భాగించండి. రెండో రీడింగుకు మైనస్ గుర్తు ఉంటే దాన్ని అలాగే ఉంచాలి. స్థిరంగా ఉన్న తప్పు, ఒకే వేగంతో జరిగే తప్పు రెండూ ఎగిరిపోతాయి.

అప్పటికీ కుదరకపోతే వోల్టేజీ ఊచల బదులు పూత లేని చిన్న మట్టి ముంతలు వాడండి. డిస్టిల్డ్ వాటర్‌లో (బ్యాటరీ యాసిడ్ కాదు) మైలుతుత్తం ఇక కరగనంత వరకూ కలిపి ముంతలో పోసి, అందులో రాగి తీగ ముంచండి. ముంత చెమర్చడానికి కాసేపు పడుతుంది. మైలుతుత్తం విషం, పిల్లల చేతికి అందనివ్వకండి.

అంకెలు వణుకుతున్నాయి

లాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి. సగం సందర్భాల్లో అక్కడితో పోతుంది. మిగతాది గోడల్లోని 50 హెర్ట్జ్ కరెంటు. దాని ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు. సెకనుకు 860 రీడింగుల వేగంలో వరుసగా 172 రీడింగుల సగటు తీస్తే దాదాపు పది చుట్లు అవుతాయి, ఆ వణుకు చాలావరకు రద్దవుతుంది. ఊరికే 100 రీడింగుల సగటు తీస్తే చుట్టు మధ్యలో తెగుతుంది.

తడి ఇసుకలో బాగుంది, ఎండు ఇసుకలో నిరోధకత తక్కువ చూపిస్తోంది

ఎండు ఇసుకలో నిరోధకత పెరగాలి కదా, అందుకే దీనికి జనం ఎక్కువ తికమక పడతారు. చిన్న రేంజిలో ఏడీఎస్1115 లోపలి నిరోధం సుమారు 710 కిలో ఓమ్‌లే. ఎండు ఇసుకతో ఒక్కో ఊచ స్పర్శ నిరోధం 40 కిలో ఓమ్‌లు ఉంటే, రెండూ కలిసి వోల్టేజీలో పది శాతం మింగేస్తాయి. చిప్పు ముందు ప్రతి వోల్టేజీ తీగకూ ఒక ఫెట్ ఆప్-ఆంప్ బఫర్ (ఊచ నుంచి దాదాపు కరెంటు లాగకుండా వోల్టేజీని చిప్పుకు అందించే సర్క్యూట్) పెడితే ఈ తప్పు పోతుంది.

ఉప్పునీళ్ళు పోస్తే స్పర్శ బాగుపడుతుంది గానీ టబ్బులో చెంచాతో కాదు, చుక్కలతో పోయాలి. 5 సెంటీమీటర్ల దూరంలో తడి మచ్చలు ఒకదాన్నొకటి తాకితే మీరు కొలిచేది ఉప్పునీటినే. కరెంటు చాలట్లేదని వోల్టేజీ పెంచే బూస్ట్ బోర్డు తగిలించాలనిపిస్తుంది. విద్యార్థుల చేతులు తడిగా ఉండే టేబుల్ మీద 12 వోల్టులు దాటకండి. పొలంలో ఎండాకాలం నేల గట్టిగా ఉంటే మేకును ఇంకాస్త లోతుగా దింపి, చుట్టూ నీళ్ళు పోసి పావుగంట ఆగి కొలవండి.