వైఫై రావట్లేదా? రీసెట్ నొక్కే ముందు డబ్బా మీది లైట్లు చూడండి

నెట్ ఆగిపోగానే చాలా ఇళ్లలో ఎవరో ఒకరు పిన్నీసు తెచ్చి వైఫై డబ్బా వెనకున్న సన్నటి రంధ్రంలో గుచ్చుతారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. అది రీసెట్ బటన్. పది సెకన్లు నొక్కి పట్టారంటే, కనెక్షన్ ఇచ్చినప్పుడు అందులో వేసిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, లైన్ సెట్టింగులు చాలా డబ్బాల్లో చెరిగిపోతాయి. ఐదు నిమిషాల్లో తేలే పని కాస్తా టెక్నీషియన్ వచ్చేదాకా ఆగిపోతుంది. ఊరు మండల కేంద్రానికి దూరమైతే ఒక్కోసారి రెండు రోజులు.

చేయాల్సింది రీస్టార్ట్. గోడ దగ్గర స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేయండి. వెంటనే వేస్తే లోపల మిగిలిన కరెంటుతో డబ్బా పూర్తిగా ఆరదు. వేశాక మూడు నిమిషాలు ముట్టుకోవద్దు, లైన్‌తో మళ్లీ కలవడానికి దానికి ఆ మాత్రం టైం పడుతుంది.

ఆ తర్వాత లైట్లు చూడండి. ఫైబర్ డబ్బా మీద పవర్ (POWER), పాన్ (PON), ఎల్‌ఓఎస్ (LOS) అని చిన్న అక్షరాలుంటాయి. పాన్ ఆకుపచ్చగా నిలకడగా వెలిగి, ఎల్‌ఓఎస్ ఆరి ఉంటే బయటి తీగ బాగున్నట్టే. ఎల్‌ఓఎస్ ఎర్రగా మెరుస్తుంటే తీగలోంచి వెలుగు డబ్బా దాకా రావడం లేదు. అప్పుడు ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు, తీగను వెతకాల్సిందే.

డబ్బా నుంచి మొదలుపెట్టి గోడ వెంట తీగ ఎటు పోయిందో చేత్తో తడుముతూ వెళ్లండి. లోపల ఉన్నది రాగి కాదు, వెంట్రుకంత గాజు పోగు. బీరువా వెనక నలిగినా, మంచం కోడు కింద పడినా, మూల మలుపులో మడతపడినా వెలుగు బయటికి కారిపోతుంది. వంపు ఎంత ఉండాలంటే, టీ గ్లాసు చుట్టూ తీగ చుట్టినంత. అంతకన్నా బిగువుగా వంచొద్దు. మిగిలిన తీగను కట్టగట్టి మేకుకు బిగించడం మన దగ్గర చాలా ఇళ్లలో కనిపించే తప్పు. వదులు చేసి పెద్ద చుట్టగా పెట్టండి. డబ్బాలో దూరే చోట ఆకుపచ్చ ప్లగ్ ఉంటుంది. దాన్ని నిటారుగా లాగి, టిక్ మని శబ్దం వచ్చేదాకా మళ్లీ నొక్కండి. ప్లగ్ కొసను వేలితో తాకొద్దు, చెమట మరక చాలు వెలుగు తగ్గడానికి. దాన్ని కంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూడొద్దు, అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు, అయినా హాని చేస్తుంది. బంగ్లా మీద కోతులు తీగ గుంజి తెంపితే టేపు చుట్టి లాభం లేదు, గాజు పోగును మిషన్ మీద అతకాలి. ఫోన్ చేసినప్పుడు "నెట్ వస్తలేదు" అనే బదులు "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది, బంగ్లా మీద తీగ తెగింది" అని చెప్పండి. అవతలివాళ్లు మిషన్‌తోనే బయల్దేరుతారు.

లైట్లన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాకపోతే, ఫోన్ పట్టుకుని డబ్బా పక్కనే నిలబడండి. అక్కడ బాగా వచ్చి, వెనక అర్రలో రాకపోతే ఆగుతున్నది గోడల దగ్గర. పాలమూరు వైపు పాత ఇళ్లలో రాతి గోడలు చాలా మందం. కొత్త ఇళ్లలో స్లాబులోని ఇనుప చువ్వలు కూడా సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. డబ్బాను టీవీ వెనక, ఇనుప బీరువా మీద, సజ్జ మీది సామాను మధ్య పెట్టకండి. ఇంటి నడిమధ్యలో, నేల నుంచి ఐదారు అడుగుల ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉండాలి.

డబ్బా రెండు పేర్లతో సిగ్నల్ ఇస్తుంటే తేడా తెలుసుకోండి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, కానీ గోడలు అంత బాగా దాటలేదు. 2.4ది నెమ్మది, దూరం పోతుంది. పక్క అర్రలో ఫోన్ తడబడుతుంటే 2.4కు మార్చి చూడండి. అపార్ట్‌మెంట్లో అయితే పక్కిళ్ల డబ్బాలన్నీ అదే 2.4 మీద ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. సెట్టింగుల్లో ఛానల్‌ను 1, 6, 11లలో ఒకటిగా పెట్టండి. ఈ మూడే ఒకదానితో ఒకటి కలబడవు. సెట్టింగుల పేజీ అడ్రస్, పాస్‌వర్డ్ డబ్బా కింది స్టిక్కర్ మీద ఉంటాయి. చాలావాటికి ఆ అడ్రస్ 192.168.1.1.

ఎండాకాలం సంగతి వేరు. ఇళ్లలో వాడే రౌటర్లలో చాలావాటిని 40 డిగ్రీల వేడిదాకా పనిచేసేట్టు తయారుచేస్తారు. మే నెలలో నల్లగొండలో బయటే 43, 44 దాటుతుంది, రేకుల అర్రలో ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం ఆగి, పొద్దుగూకినాక తనంతట తానే వచ్చే నెట్‌కు కారణం చాలాసార్లు ఇదే. డబ్బాను చల్లటి అర్రలోకి మార్చండి, మీద గుడ్డ కప్పకండి.

మాటిమాటికీ దానికదే ఆరి వెలుగుతుంటే అడాప్టర్‌ను అనుమానించండి. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది రాత చూడండి. వోల్టులు అంతే ఉండాలి, 12 అంటే 12. ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు.

యాసంగిలో బోరు మోటార్లన్నీ నడిచి వోల్టేజీ పడిపోయే ఊళ్లలో ఇన్వర్టర్ కూడా చూడాలి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో కరెంటు పోగానే బ్యాటరీకి మారడం కొంచెం ఆలస్యమై రౌటర్ ఆరిపోతుంది. యూపీఎస్ మోడ్‌లో ఆరదు గానీ, కాస్త లో వోల్టేజీ రాగానే బ్యాటరీ మీదికి పోయి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అలాంటి చోట రౌటర్ కోసం వేరేగా 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోవడమే మేలు. ఉరుములు మెరుపులు మొదలైతే అడాప్టర్‌ను ప్లగ్గులోంచి పీకండి. గాజు పోగులో కరెంటు పారదు, పిడుగు దెబ్బ అడాప్టర్ వైపు నుంచే ఎక్కువగా వస్తుంది.

ఫోన్లలో వచ్చి కంప్యూటర్‌లో మాత్రమే రాకపోతే

ముందు గడియారం చూడండి. తేదీ పాత సంవత్సరం చూపిస్తుంటే వెబ్‌సైట్లు "సురక్షితం కాదు" అంటూ తెరుచుకోవు. తేదీ సరిచేసినా కరెంటు పోయినప్పుడల్లా వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ అయిపోయింది. దాని నంబర్ సీఆర్2032, గడియారాల మడిగెలో కూడా దొరుకుతుంది.

తేదీ సరిగ్గానే ఉంటే వైఫై వివరాల్లో ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే డబ్బా నుంచి కంప్యూటర్‌కు అడ్రస్ రాలేదన్నమాట. ఆ వైఫై పేరు మీద "ఫర్గెట్" నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి మళ్లీ కలపండి. యూఎస్‌బీ వైఫై డాంగిల్ వాడుతుంటే నీలి రంగు పోర్టులోంచి తీసి నల్ల పోర్టులో పెట్టండి. నీలి పోర్టులో హార్డ్ డిస్కో పెన్ డ్రైవో పనిచేస్తున్నప్పుడు పుట్టే రేడియో రొద 2.4 సిగ్నల్‌ను చెడగొడుతుంది.

నెట్ సంగతి అటుంచి కంప్యూటరే సరిగ్గా ఆన్ కాక, ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉండి, బీప్ బీప్ మంటుంటే మొదటి అనుమానం ర్యామ్ మీద, అంటే మదర్‌బోర్డులో గుచ్చి ఉండే మెమరీ పట్టీ మీద. దుమ్ము వల్ల, కూలర్ గాలి తేమ వల్ల దాని బంగారు పళ్ల మీద సన్నటి పొర పేరుకుంటుంది.

1. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి.
2. క్యాబినెట్ మూత తీసి, లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది.
3. ర్యామ్ చివరన ఉన్న క్లిప్పులు కిందికి నొక్కితే పట్టీ పైకి లేస్తుంది.
4. పళ్లను పిల్లలు పెన్సిల్ గీతలు తుడిచే రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్దండి. పొడి గుడ్డతో రబ్బరు పొట్టు దులపండి. గరుకు కాగితం, తడి గుడ్డ వద్దు.
5. పట్టీలోని గాటు స్లాటులోని గాటుకు సరిపోయేట్టు పెట్టి, క్లిప్పులు వాటంతటవే మూసుకునేదాకా నొక్కండి.

రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి, పాడైంది ఏదో తెలిసిపోతుంది.

కంప్యూటర్ ఆన్ అయి నత్తలా నడుస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో డిస్క్ దగ్గర పదే పదే 100 శాతం చూపిస్తూ, క్యాబినెట్ లోంచి టక్ టక్ శబ్దం వస్తుంటే ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, భూమి కాగితాల స్కాన్‌లు పెన్ డ్రైవ్‌లోకి తీసుకోండి, తర్వాతే రిపేర్ ఆలోచన. శబ్దం లేకుండా వట్టి నెమ్మది మాత్రమే అయితే హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) వేయించండి.