సీబీపీ రిపోర్టులో లింఫోసైట్ల లెక్క ఎలా చూసుకోవాలి?

కావలసినవి మీ సీబీపీ (రక్తకణాలన్నీ లెక్కపెట్టే పరీక్ష) రిపోర్టు, పాతవి ఉంటే ఒకటి రెండు, ఫోన్లో కాలిక్యులేటర్. పరగడుపున ఉండక్కర్లేదు. కానీ రక్తం ఎప్పుడూ పొద్దున్నే, ఒకే ల్యాబులో ఇవ్వాలి. లింఫోసైట్లు అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఇవి పొద్దున తక్కువగా, రాత్రికి ఎక్కువగా ఉంటాయి. వేళ మారితే రెండు రిపోర్టులను పోల్చలేం.

ముందు టోటల్ కౌంట్ చూడండి. అంటే తెల్ల రక్తకణాలన్నీ కలిపి. పెద్దవాళ్లకి మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 మామూలు. దాని కిందే లింఫోసైట్ల శాతం ఉంటుంది.

అందరూ పొరబడేది ఈ శాతం దగ్గరే. ఒకమ్మాయి వాళ్ల నాన్నగారి రిపోర్టులో 18 శాతం చుట్టూ ఎర్రపెన్నుతో గీసుకుని వచ్చింది. రాత్రంతా నిద్ర లేదట. టోటల్ కౌంట్ 12,000. అందులో 18 శాతం 2,160. లింఫోసైట్లకి ఏ లోటూ లేదు. పంటి వాపు వల్ల న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలు పెరిగాయి, అందుకే లింఫోసైట్ల వాటా తగ్గినట్టు కనిపించింది. ఇంకొకరికి 30 శాతం, ఆ శాతం పక్కన ఏ గుర్తూ లేదు. టోటల్ కౌంట్ 3,800 కాబట్టి అసలు లెక్క 1,140. పట్టించుకోవాల్సింది ఈ రిపోర్టుని. అందుకే టోటల్ కౌంట్‌ని శాతంతో గుణించి 100తో భాగించండి. శాతం చూసి ఎప్పుడూ నిర్ణయానికి రావద్దు.

ఈ అంకె మీద ఇంత పట్టుదల ఎందుకంటే, అమెరికాలో 1999 నుంచి 2010 వరకు జాతీయ ఆరోగ్య సర్వేలో పాల్గొన్న 31,178 మంది పెద్దవాళ్ల వివరాలు పరిశీలిస్తే, లింఫోసైట్లు 1,500, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. 1,000కి దిగినవాళ్లలో ఇంకా ఎక్కువ. తగ్గిన కణాలే చావుకి కారణమని దీని అర్థం కాదు. లోపల ఇంకేదో నడుస్తోందని అవి ముందే చెబుతుండవచ్చు.

జ్వరంలో తీసిన రిపోర్టుతో ఈ లెక్క వేయకండి. చాలా వైరల్ జ్వరాల్లో లింఫోసైట్లు పడిపోయి మళ్లీ లేస్తాయి. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు వాడుతున్నా తగ్గుతాయి. అలాగని డాక్టరుకి చెప్పకుండా ఆ మందులు ఆపకూడదు. జ్వరమైతే తగ్గాక నెల ఆగి మళ్లీ చేయించండి.

కొందరు న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్లతో భాగించి ఎన్ఎల్ఆర్ అని చూస్తారు. నాకు నచ్చదు. 6,000కి 2,000 ఉన్నా 3 వస్తుంది, 3,000కి 1,000 ఉన్నా 3 వస్తుంది. రెండోవారి లోటు అందులో కనపడదు.

తేదీ, టోటల్ కౌంట్, లింఫోసైట్ల లెక్క, ఆ వారం వాడిన మందులు ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టండి. రెండుసార్లు 1,500 లోపు వస్తే ఆ పేజీతో ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. 1,000 లోపు వస్తే రెండోసారి కోసం ఆగకండి.